గొట్టం మైకులో పాట, డీజే పెట్టెలో పాట

"ఈ కాలం పాటలూ పాటలేనా?" అన్న మాట నా చెవిన మొట్టమొదట పడింది 1960ల చివర్లో. అన్నది మా తాతయ్య. అప్పుడు మైకులో వస్తున్నది ఘంటసాల గొంతు.

ఈ సంగతి చెబితే నా ఈడువాళ్లు నమ్మరు. మాకు ఘంటసాల అంటే పాటకి కొలబద్ద. ఆయన తర్వాత వచ్చిన ఎవరినైనా ఆయన పక్కన నిలబెట్టి చూసినవాళ్లమే. తాతయ్య లెక్కలో మాత్రం ఆయన పద్యానికి రాగం కత్తిరించేసిన మనిషి.

తాతయ్య పద్యనాటకాల మనిషి. మాది కోనసీమలో అంబాజీపేట దగ్గర పల్లెటూరు. అమలాపురంలోనో పాలకొల్లులోనో నాటకం ఉందంటే కాలినడకన బయల్దేరి, పంటు మీద గోదారి దాటైనా వెళ్లొచ్చేవాడట. హరిశ్చంద్ర కాటిసీను, కృష్ణరాయబారం తెల్లారేదాకా సాగాల్సిందే. తిరుపతి వేంకట కవుల పద్యాలు ఆయనకి నోటికొచ్చు. ఆ జంటలో చెళ్లపిళ్ల వారిది మన కడియమే కదా అని, వాళ్లింట్లో మనిషిలా మాట్లాడేవాడు. పద్యం అయ్యాక నటుడు రాగం ఎత్తుకుంటే హార్మోనియం వెంటపడాలి, జనం వన్స్ మోర్ అనాలి, చచ్చిన లోహితాస్యుడు కూడా లేచి మళ్లీ పడుకోవాలి. అదీ ఆయన దృష్టిలో సంగీతం. ఘంటసాల పద్యం చదివితే ప్రతి అక్షరం విడివిడిగా వినబడుతుంది, అర్థం మనసుకి ఎక్కుతుంది, రాగం ఎంత కావాలో అంతే ఉంటుంది. మనం గొప్ప అనుకునే ఆ గుణమే తాతయ్యకి లోటుగా తోచింది. "మూడు నిమిషాల్లో ముగిసిపోయేది పాటేంట్రా" అనేవాడు.

మూడు నిమిషాలు ఎక్కణ్నుంచి వచ్చాయో నాకు తర్వాత తెలిసింది. పాతకాలం నల్లటి లక్క ప్లేటు, అంటే గ్రామఫోను రికార్డు, నిమిషానికి 78 సార్లు తిరిగేది. పది అంగుళాల ప్లేటు ఒక్కో వైపున మూడు నిమిషాల పైచిలుకు మాత్రమే పట్టేది. పాటని అంతలో ఇమిడ్చెయ్యాలి. తాతయ్య కోపం ఘంటసాల మీద చూపించాడు గానీ, నిజానికి రాగాన్ని కత్తిరించింది ఆ ప్లేటు.

ఇంకొకటి మైకు. నాటకం రోజుల్లో ఆఖరి వరసలో కూర్చున్నవాడికి వినబడాలంటే పై శ్రుతిలో, గుండెలనుంచి ఎత్తి పాడాలి. మైకు ఎదురుగా ఉన్నప్పుడు ఆ అవసరం తీరిపోయింది. చెవిలో చెప్పినట్టు పాడినా ఊరంతా వింటుంది. కాకినాడలో 1930లో పుట్టిన పి.బి. శ్రీనివాస్ గారి గొంతు తలుచుకోండి. అంత మెత్తటి, కింది స్థాయిలో నడిచే గొంతు మైకు లేని రోజుల్లో అయితే రెండో వరస కూడా దాటేది కాదు. అలాంటి గొంతుతో ఆయన తెలుగు, తమిళ, కన్నడ దేశాలన్నీ చుట్టేశారు. తాతయ్యకి ఆయన పాట విన్నా "గొంతు లేదు" అనే అనిపించేది.

ఒక్క మా తాతయ్యే కాదు. కేంద్రంలో సమాచార ప్రసార శాఖ చూసిన బి.వి. కేస్కర్ గారికి సినిమా పాటంటే గిట్టదు. 1952 తర్వాత ఆకాశవాణిలో సినిమా పాట దాదాపు మూగబోయింది. జనం సిలోను (ఇప్పటి శ్రీలంక) రేడియో వైపు మళ్లారు. అక్కణ్నుంచి తెలుగు పాటలు వేసిన మీనాక్షి పొన్నుదురై గారి గొంతు మా వీధుల్లో ఇప్పటికీ చాలామందికి గుర్తు. చివరికి 1957లో వివిధభారతి పెట్టి ప్రభుత్వమే దారికొచ్చింది. ఇవాళ మనం స్వర్ణయుగం అంటున్న ఏళ్లు సరిగ్గా అవే. పాట పాడైపోయిందని ఢిల్లీలో పెద్దలు బాధపడుతున్న రోజుల్లోనే దేవదాసు, మాయాబజార్ పాటలు వచ్చాయి.

ఇక మా బాబాయి సంగతి. ఆయనకి మైకు సెట్టు ఉండేది.

ఆ రోజుల్లో మైకు సెట్టు నడపడం అంటే చిన్న సంగతి కాదు. ఆంప్లిఫయరు, ప్లేయరు, ప్లేట్ల పెట్టె, బాకాల్లాంటి రెండు గొట్టం స్పీకర్లు, చుట్టలు చుట్టలుగా వైరు, కరెంటు లేని ఊళ్లకి లారీ బ్యాటరీ. కొంత సైకిలు మీద, కొంత మనిషి నెత్తిన, కాలవ దాటాల్సొస్తే పడవలో. పెళ్లింటికి చేరగానే మొదటి పని కొబ్బరిచెట్టు చూసుకోవడం. దింపులు తీసే మనిషిని పట్టుకుని చెట్టెక్కించి, ఒక గొట్టం ఊరివైపు, ఒకటి చేలవైపు కట్టించేవాడు. చేలవైపు ఎందుకు బాబాయ్, అక్కడెవరుంటారు అంటే, "పక్క ఊళ్లో ఈళ్ల చుట్టాలున్నార్రా, పెళ్లి మొదలైందని తెలియద్దూ" అనేవాడు. మొదట దేవుడి పాట. టూరింగ్ టాకీసులో ఆట మొదలయ్యే ముందు వేసే 'నమో వేంకటేశా' మా దగ్గర పెళ్లిళ్లలోనూ అదే వరసన మోగేది. అది వినబడిందంటే చేలో వంగి ఊడుపులు ఊడుస్తున్న ఆడవాళ్లు నడుం ఎత్తి, ఫలానావాళ్లింట్లో ముహూర్తం దగ్గరపడిందని చెప్పుకునేవారు.

గొట్టం మైకుకి ఒక గుణం ఉంది. అందులో అడుగు శబ్దం రాదు. మనిషి గొంతు, వేణువు, క్లారినెట్టు, వీణ, వయొలిన్ గణగణలాడుతూ వస్తాయి గానీ డోలు గుమ్మని మోగితే లోపలే చచ్చిపోతుంది. బాబాయి నాకు చెవి పట్టుకుని నేర్పించాడు: "విను, తబలాలో కుడి వినబడుతుంది, ఎడమ వినబడదు." నిజమే. టకటక వచ్చేది, గుముకు వచ్చేది కాదు. అందుకు బదులుగా ఆ గొట్టం గొంతుని ఎంత దూరం మోసుకుపోయేదో! మనది బల్లపరుపు నేల. గుట్టా లేదు, మిట్టా లేదు. తెల్లవారుజామున నేల దగ్గర గాలి చల్లగా, పైన వెచ్చగా ఉంటుంది. అలాంటప్పుడు శబ్దం పైకి పోకుండా కిందికే వంగుతుంది. పైగా కాలవ నీళ్ల మీద అడ్డేమీ ఉండదు. రెండూళ్ల అవతల పెళ్లిలో సుశీలమ్మ పాడుతుంటే మా అరుగు మీద కూర్చుని చరణంలో మాటలతో సహా విన్నాను.

ఆ మాటలు వినబడటం దగ్గరే ఉంది అసలు కిటుకంతా. అప్పటి పాట చేరాల్సిన దారి ఆ గొట్టమే. లేదంటే టీ కొట్టులో చిన్న ట్రాన్సిస్టరు. రెండిట్లోనూ బతికి బట్టకట్టేది గొంతు, మాట, వరస. కాబట్టి మద్రాసులో కూర్చుని పాట కట్టినవాళ్లు గొంతుని ముందు నిలబెట్టి, వాద్యాలని దాని వెనక నడిపించారు. ఇది వాళ్లు లెక్కేసి చేశారని నేననను. విన్నవాడికి ఏది చేరిందో అదే మిగిలింది, మిగిలినదాన్ని చూసి తర్వాతివాళ్లు మళ్లీ అలాగే కట్టారు.

దానికి తోడు కట్టే పద్ధతి ఒకటి. మన గోదారి ఒడ్డున తీసిన మూగమనసులు (1964) పాటలకి వరసలు కట్టిన కె.వి. మహదేవన్ గారిది తమిళదేశం. ఆయన తెలుగు పాటకి ముందు సాహిత్యం చేతిలో పెట్టమనేవారు, మాట నడకని బట్టి వరస కట్టేవారు. మాట అర్థం విడమరిచి చెప్పడానికి పక్కన ఆయన సహాయకుడు పుహళేంది గారు ఉండేవారు. ఆత్రేయ గారు రాసేదాకా నిర్మాతలు కళ్లు కాయలు కాచేలా ఎదురుచూడాల్సొచ్చేది, అది లోకమెరిగిన సంగతే. మాట వచ్చాకే పాట. తెలుగు తన భాష కాని మనిషి తెలుగు మాటకి ఇచ్చిన ఆ గౌరవం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

అలాగని అప్పుడొచ్చినవన్నీ ఆణిముత్యాలని నేను ఒప్పుకోను. ఎందుకంటే బాబాయి ప్లేట్ల పెట్టె నా చేతులతో సర్దాను. ఇనుప ముల్లు కింద పదేపదే తిరిగిన ప్లేటు గాడులు అరిగి బూడిదరంగులోకి వచ్చేస్తాయి, వెలుతురులో పెట్టి చూస్తే మెరుపు ఉండదు. జనం ఎన్నడూ అడగని ప్లేటు మాత్రం కొత్త పెళ్లికూతురి జడలా నిగనిగలాడుతూ ఉంటుంది. బాబాయి పెట్టెలో నిగనిగలాడేవే ఎక్కువ. సినిమా ఆడుతోందంటే ప్లేటు కొనాలి, కొనకపోతే పెళ్లివారు పక్క మైకు సెట్టుకి పోతారు. అలా కొన్నవి ఒకటి రెండు పెళ్లిళ్లలో మోగి మూలపడేవి. హిందీ వరసని తెచ్చి తెలుగు మాట అతికించినవి, ప్రాస కోసం ఏదో కూరినవి, హాస్యనటుడు అరిచే అరుపులు, పెద్దవాళ్లు వినబడకూడదని గొట్టం తిప్పేయించిన పాటలు, అన్నీ ఉన్నాయి. వాటి పేర్లు ఇవాళ ఏ పాత పాటల కార్యక్రమంలోనూ వినబడవు. మనం ఆనాటి అరిగిన ప్లేట్లని ఇవాళ్టి మొత్తం పెట్టెతో తూకం వేస్తున్నాం. ఆ తూకం న్యాయం కాదు.

1974 ఫిబ్రవరి 11న ఘంటసాల పోయారు. రేడియోలో వార్త విన్న బాబాయి ఎవరూ అద్దెకి పిలవకుండానే రామాలయం పక్క చెట్టుకి గొట్టం కట్టించాడు. అరిగిన ప్లేట్లన్నీ ఒక్కటొక్కటే వేశాడు. గాడి దూకి ఒకే మాట దగ్గర తిరుగుతుంటే వేలితో నెట్టి మళ్లీ దారిలో పెట్టాడు. పుష్పవిలాపం వచ్చినప్పుడు తాతయ్య అరుగు మీద కండువా ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. మర్నాడు ఏమన్నాడో తెలుసా? "వాడు పద్యం బాగానే చదివేవాడురా. పాటలే..." అన్నాడు. ఆ తర్వాత కూడా పాట విషయంలో మెత్తబడలేదు. తను నమ్మిన సంగీతాన్ని ఆయన అంతగా ప్రేమించాడు, నేను దాన్ని తప్పుపట్టను.

1980లలో టూ ఇన్ వన్‌లు, కేసెట్లు వచ్చాయి. దుబాయి, మస్కట్ వెళ్లినవాళ్లు పెద్ద స్పీకర్లున్న సెట్లు తెచ్చారు. అప్పుడు మా ఊరు మొదటిసారి పాట అడుగుభాగం వింది. మన పసలపూడి వంశీ గారు గోదారి లంకల్లో తీసిన సినిమాలకి ఇళయరాజా గారు కట్టిన పాటల్లో బేస్ గిటారు కింద తన దారిన తాను ఒక పాట పాడుతుంటుంది. కేసెట్లో విని నేను పిచ్చెక్కిపోయాను. బాబాయి గొట్టంలో వేసి చూశాడు. "ఇందులో ఏదో సగమే ఉందిరా, పలచగా ఉంది" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆ గొట్టంలో నిజంగా సగమే వచ్చింది. రెండో సగం వినాలంటే వేరే యంత్రం కావాలి. చాలాకాలానికి మా ఇంట్లో స్పీకర్ల ముందు కూర్చోబెట్టి అవే పాటలు వినిపిస్తే మాట్లాడకుండా ఆఖరిదాకా విని, కేసెట్టు తిప్పమన్నాడు.

పాలకొల్లు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 1969లో అక్కడ పుట్టిన యు. శ్రీనివాస్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం వాయిస్తానంటే పెద్దలు చాలామంది పెదవి విరిచారు. మామూలు మాండొలిన్ తీగ మీటగానే స్వరం ఆగిపోతుంది, స్వరాన్ని ఊపి పలికించే గమకం పలకదు. విద్యుత్ మాండొలిన్ మీద స్వరం నిలబడింది, ఆ పిల్లవాడి వేళ్ల కింద గమకం పలికింది. యంత్రం వచ్చి సంగీతాన్ని చెడగొట్టిందనేవాళ్లకి నేను చెప్పే జవాబు ఆ పాలకొల్లు అబ్బాయే. ఆయన దగ్గర నేర్చుకున్నవాడే వెదురుపాక వారి దేవిశ్రీప్రసాద్.

ఆమధ్య అమలాపురంలో మా మేనకోడలి పెళ్లి. మండపం పక్కన మనిషెత్తు నల్లపెట్టెలు పేర్చారు. పాట మొదలవగానే గుండెలో గుద్దినట్టయింది, కుర్చీ ఇనుప కాళ్లు దడదడలాడాయి. గొట్టానికి సరిగ్గా తిరగేసిన యంత్రం ఇది. ఇందులో డోలు తప్ప ఇంకేమీ రాదు. బాబాయి పోయి చాలా ఏళ్లయింది, మా పిన్ని ఉంది. ఎనభై దాటిన మనిషి, చెవులకి చెంగు అడ్డం పెట్టుకుని కూర్చుంది. పక్కనే మా బావ, "చూశావా, ఈ గోలకి పాటని పేరు" అంటున్నాడు. నేను లేచి డీజే అబ్బాయి దగ్గరికి వెళ్లి, బాబూ బేసు కాస్త తగ్గిస్తావా, పెద్దావిడ ఉంది అన్నాను.

"తగ్గిస్తే కుర్రాళ్లు ఊరుకోరండీ, ఆయ్. ఒక్క పాటకైతే చూస్తానండి" అన్నాడు. మంచి పిల్లవాడు. మీటలు రెండు కిందికి లాగి, మధ్యలోవి కొంచెం పైకి జరిపాడు. మోగుతున్నది నాటు నాటు. డోలు వెనక్కి తగ్గగానే గొంతులు బయటికొచ్చాయి. పిన్ని చెంగు తీసేసి, ముందుకి వంగి వింది. వింటూ వింటూ నా మోచెయ్యి గిల్లి, "ఒరేయ్ పెద్దోడా, ఇందులో పోట్లగిత్త ఉందేంట్రా! పోలేరమ్మ జాతర కూడానా!" అంది. ఎక్కడివాళ్లు కట్టారు అని అడిగింది. రాసింది వరంగల్ వైపు చంద్రబోస్ గారు, వరస మన కొవ్వూరు కీరవాణి గారిది, 2023లో దీనికి ఆస్కార్ ఇచ్చారు పిన్నీ అన్నాను. ఆస్కార్ సంగతి ఆవిడకి పట్టలేదు. "గోదారి గట్టోడేనా" అని మాత్రం అంది, ముఖం వెలిగిపోతూ. ఆ పాట అప్పటికి తను లెక్కలేనన్నిసార్లు వింది. మాటలు వినడం మాత్రం అదే మొదలు.

కాబట్టి బావతో నేను ఏకీభవించను. పాట పడిపోలేదు. మంచి మాట రాసేవాళ్లు ఇవాళా ఉన్నారు, కాకినాడ టెలిఫోన్ల ఉద్యోగంలోంచి వెళ్లిన సిరివెన్నెల సీతారామశాస్త్రి గారు 2021లో పోయేదాకా రాస్తూనే ఉన్నారు. కాకపోతే ఒక నష్టం జరిగింది, దాన్ని దాచను. వరస ముందు పుట్టి, దాని కొలతకి మాట కోసి కుట్టడం మామూలైపోయింది. ఒకప్పుడు గాయకులూ వాద్యాలవాళ్లూ ఒకే గదిలో కలిసి, ఒకరు తప్పితే అందరూ మళ్లీ మొదటినుంచి వాయించేవారు. ఇప్పుడు గాయకుడొక్కడే వచ్చి ముక్కముక్కగా పాడి వెళ్తున్నాడు. ఆపైన మొత్తం పాటని ఒకే ఎత్తున బిగించేస్తున్నారు, మెల్లగా అనాల్సిన మాటా గట్టిగా అనాల్సిన మాటా ఒక్కలాగే చెవిన పడుతున్నాయి. తెలుగు రాని గొంతు శషలు కలిపేసి పాడితే దిద్దేవాడు లేడు. ఇది నాకు నొప్పి. ఈ ఒక్క విషయంలో తాతయ్యలాగే నేనూ మెత్తబడను.

ఇంకో నష్టం మనది. ఊడుపుల్లో ఆడవాళ్లు పాడుకునేవారు, ఒకామె ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకునేవారు. సినిమా పాటలు కూడా మాటలు మార్చి పాడుకునేవారు, కరణంగారి మీదా కామందు మీదా చరణాలు కట్టేవారు. మొన్న సార్వాలో చూశాను, గట్టు మీద సంచిలో ఫోను పాడుతోంది, మడిలో అందరూ మౌనంగా ఊడుస్తున్నారు. ఫోను ఆగినప్పుడు ఒక చిన్నమ్మాయి మిగతా చరణం తను పాడి ముగించింది. కొత్త సినిమా పాటే, మాట పొల్లుపోకుండా పాడింది.

1996 నవంబరు 6 రాత్రి తుపానుకి మా పెంకుటిల్లు కప్పు లేచిపోయి, బాబాయి ప్లేట్ల పెట్టె తడిసింది. కాగితపు లేబుళ్లు ఊడిపోయాయి, అట్టలు ముద్దయిపోయాయి. లక్క ప్లేట్లు మాత్రం చాలావరకు నిలిచాయి. పిన్ని వాటిని పాత చీరల్లో చుట్టి మంచం కింద దాచింది. ఏది ఏ పాటో ఇప్పుడు వేసి వింటే తప్ప తెలియదు. అరిగినవి వేరే, మెరిసేవి వేరే పెడుతున్నాను. మెరిసేవి కూడా వింటాను, వాటిల్లో జనం పట్టించుకోని మంచి పాట ఉండొచ్చు.

మీ ఊళ్లో మైకు సెట్టు నడిపినవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల పెట్టెలు పాతసామాన్లవాడికి పోనివ్వకండి. ప్లేట్లని ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టకండి, నిలువుగా పేర్చండి. ఎండ తగలనివ్వకండి. దుమ్ము ఉంటే మెత్తటి పొడిగుడ్డతో గాడి వెంబడే తుడవండి. స్పిరిటుతో మాత్రం తుడవద్దు, దానికి లక్క కరిగిపోతుంది.